పసుపు పట్టిన లెన్సు

"అమ్మమ్మా, కెమెరాలు బాగుచేసుడు నీకు ఎవరు నేర్పిండ్రు? రికార్డు పెట్టిన, చెప్పు."

పెట్టినవా? ఎర్రగ మెరుస్తున్నది, అదేనా? మంచిది. జర ఆ ఫ్యాను బందు చెయ్యి బిడ్డా, నా గొంతుకంటె దాని గొంతే పెద్దగున్నది. ఊఁ... ఎవరు నేర్పిండ్రని గదా అడిగినవు. నేర్పినాయన పేరు యాకోబు సారు, జగిత్యాల. గని నేర్చుకునుడు తర్వాతి ముచ్చట. ముందుగాల నేను కరాబు చేసిన. కరాబు చెయ్యకపోతె నేర్చుకునేదాన్నే గాదు. నవ్వకు, నిజమే చెప్తున్న.

మన కోరుట్లల మీ తాతకు ఫొటో స్టూడియో ఉండె గదా. రీలు కెమెరాలు పోయి డిజిటల్ అచ్చినంక, హైదరాబాదు పోయి ఒక పెద్ద కెమెరా తెచ్చుకున్నడు. దానికి రెండేండ్ల వారంటి. ఆ వారంటి కాయితం నేనే బీరువల పట్టుచీరె కింద పెట్టిన... కాదు కాదు, పట్టుచీరె మీ అమ్మ పెండ్లిల ఇచ్చేసిన, వేరే చీరె అది. ఏదైతేంది. ఆ రెండేండ్లు కెమెరా ఒక్కనాడు సతాయించలే. ఒక్క తుమ్ము తుమ్మలే. వారంటి అయిపోయి నెల గాలే, ఇగ మొదలైంది. అన్నీ గంతే చూడు, వారంటి ఉన్నన్ని దినాలు బుద్ధిగుంటయి.

అవి సకల జనుల సమ్మె దినాలు. నీకు మూడేండ్లుండొచ్చు అప్పుడు, మీ అమ్మ సంకల ఎక్కి "జై" అనేదానివి, తెలంగాణ అనుడు రాకపోయేది నీకు. బస్సులు బందు, బడులు బందు, ఆఫీసులు బందు. బొగ్గు బాయిలు బందయి కరెంటు ఎప్పుడస్తదో ఎప్పుడు పోతదో తెల్వదు. మీ తాత పొద్దున లేస్తె దీక్ష శిబిరం కాడనే ఉండేది. ఫొటోలు తీసి పేపరోళ్లకు ఇచ్చేది, ఉత్తగనే. నేను గూడ పోయిన, రోడ్డు మీద బతుకమ్మ ఆడినం, మస్తు ఉషారుగుండె. గని ఇంటికచ్చినంక ఉషారు పొయ్యి మీద ఉడుకదు గదా. స్టూడియోకు ఎవ్వలు రాకపోయేది. గప్పుడే మీ తాత మనసుల దుబాయి పడ్డది.

మెట్‌పల్లిల ఒక ఏజెంటు ఉండె. ఏదో కంపెనీల స్టోరు చూసుకునే పని, వయసు ఎక్కువున్నా తీసుకుంటరని చెప్పిండట. మీ తాతకు అప్పటికే యాభైకి దగ్గర. నాకు మస్తు భయమైంది. ఎందుకంటవా, మా తమ్ముడు, మీ చిన్న తాత, మస్కట్ పోయి ఆరేండ్లకు అచ్చిండు. వాడు గేటు తీసుకొని లోపలికి అస్తుంటె, వాని బిడ్డనే "అమ్మా, ఎవరో అంకుల్ అచ్చిండు" అని ఉరికింది. వాడు ఆడనే బ్యాగు మీద కూలవడి ఏడ్చిండు. నేను కండ్లార చూసిన. అందుకె మీ తాతకు చెప్పిన, "కార్తీకంల పెండ్లిండ్లు మొదలైతయి, కెమెరా ఉన్నది, ఇద్దరం ఉన్నం, గట్టెక్కుతం" అని. "సరె, కార్తీకం దాక చూస్త" అన్నడు. అంటె ఏంది? ఆ కెమెరా ఉన్నదని మనిషి ఆగిండు. అది లేకుంటె పోతడు.

ఇగ దసరా అచ్చింది. మా తల్లిగారిది సిరిసిల్ల గదా, నీకు తెలుసు. మా బాపుకు నాలుగు సాంచలుండె. సాంచ అంటె మరమగ్గం బిడ్డా, మీ దోస్తులకు తెల్వకపోవచ్చు. దసరా అంటె మా ఇంట్ల సాంచలను కడిగి, నూనె పెట్టి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టేది. అన్నం పెట్టేదానికి మొక్కాలె గదా. ఇక్కడ మీ తాత ప్రతి దసరాకు కెమెరా సంచికి ఓ చిన్న బొట్టు పెట్టి అయ్యిందనిపించేటోడు. ఆ ఏడాది ఆయన పొద్దున్నే శిబిరానికి పోయిండు. పండుగపూట దానికి పని చెప్పొద్దని కెమెరా ఇంట్లనే ఇడిసిండు. నేననుకున్న, దీని మీదనే మన బతుకు నిలవడ్డది, సంచికి బొట్టు పెడితె ఏం సరిపోతది, మంచిగ మొక్కాలె అని.

మంచిగనే మొక్కిన. పసుపు ముద్ద చేసి, గడపకు పూసినట్టు లెన్సు చుట్టూత పూసిన. సందులల్లకు గూడ పోవాలెనని వేలుతోని రుద్దిన. మూత తీసి అద్దం నడుమ రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు పెట్టిన. పువ్వు పెట్టిన. అగరుబత్తి ముట్టిచ్చి, నీళ్లు చల్లిన. ఎంత ముద్దుగున్నదో! కొత్త పెండ్లికూతురు లెక్క ఉండె.

మీ తాత అచ్చిండు. చూసిండు. తడిగుడ్డ తెచ్చి గబగబ తుడిచిండు, అది ఇంకింత లోపలికి పోయింది. తెల్లారి ఎండినంక లెన్సు రింగు తిప్పితె తిరుగదు. జోరు చేసి తిప్పిండు, కర్రుమన్నది, ఆగిపోయింది. దూరం లేదు, దగ్గర లేదు, ఎటు చూసినా మసక మసక.

హైదరాబాదు సర్వీసోళ్లకు ఫోను చేసిండు. వారంటి అయిపోయిందన్నరట. ఉన్నా గూడ పసుపు కుంకుమలకు వారంటి చెల్లదన్నరట. మొత్తం లెన్సే మార్చాలె, తీసుకరమ్మన్నరట. ఎట్ల తీసుకపోతం? బస్సులు లేవాయె. కొత్తది మార్చే తాకత్ అసలే లేదు. నేను తిడ్తడనుకున్న. తిడితె మంచిగుండు. తిట్టలే. "నువ్వు మొక్కినవు, నీ తప్పేమున్నది, నా నసీబు గంతే. ఏజెంటుకు చెప్త" అన్నడు. గా మాట నాకు చెంపదెబ్బకంటె ఎక్కువ తాకింది బిడ్డా. మనిషి పోవద్దని మొక్కిన, నా చేతులతోనే సాగనంపుతున్న అనిపించింది.

అయితె శిబిరంల ఒక సైన్సు సారు ఉండె. బడి బందు గదా, దినాం ఆడనే కూసునేది. నా మొఖం చూసి ఏమైందక్కా అని అడిగితె మొత్తం చెప్పిన. ఆయనన్నడు, "జగిత్యాలల యాకోబు సారని ఉన్నడు, దవాఖానలల్ల, బడులల్ల మైక్రోస్కోపులు బాగుచేసేటోడు. అద్దాల పని ఆయనకు తెలిసినట్టు ఎవ్వలకు తెల్వదు. గని ముసలాయన అయ్యిండు, ఇప్పుడు చేస్తున్నడో లేదో." చేస్తున్నడో లేదో అన్న మాట నా చెవులకెక్కలే. కెమెరాను పాత చీరెల చుట్టుకొని తెల్లారి బయలెల్లిన. మీ తాత "ఏమన్న చేసుకో" అన్నడు గంతే, తలకాయ ఎత్తలే.

ఆటో మేడిపల్లి దాక పోయింది, ఆడ వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి అన్నం, పప్పు వండుతున్నరు. ఎడ్లబండ్లు అడ్డం పెట్టిండ్రు. "అక్కా, తిన్నంకనే కదులుడు" అన్నరు. నాకేమో తొందర. అయినా కూసొని నాలుగు ముద్దలు తిన్న. గంతల ఒకామె నా చీరెమూట చూసి "కెమెరానా? అగో, మమ్ముల ఒక ఫొటో తియ్యి" అన్నది. ఇరవై మంది ఆడోళ్లు వరుసగ నిలవడ్డరు, గంటెలు పట్టుకొని, కొంగులు సదురుకొని. అది పని చేస్తలేదని చెప్పుడు నామోషీ అనిపించింది. కంటికాడ పెట్టుకొని నొక్కిన. అంత మసకనే, మొఖాలు ఏం రాలే. "మంచిగచ్చింది" అన్న. అందరు సప్పట్లు కొట్టిండ్రు. ఆ అబద్ధం ఇప్పటికి నాకు సిగ్గే. గని వాళ్లే ఒక మోటరు సైకిలాయన్ను పిలిచి నన్ను జగిత్యాల దాక దింపమన్నరు. వాళ్ల కడుపు సల్లగుండ.

యాకోబు సారు ఇల్లు రెండర్రలది, ముంగట సన్నటి అరుగు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటినయి. కెమెరా చేతుల పెట్టిన. తిప్పి చూసిండు, ముక్కుకాడ పెట్టుకొని వాసన చూసిండు. "బిడ్డా, దీన్ని కూర వండినవా ఏంది?" అన్నడు. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే నాకు. మొక్కిన సంగతి చెప్పిన. ఆయన భార్య మరియవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది, నవ్వు ఆపుకోను. ఆయన మాత్రం నవ్వలే. "పని ఎట్ల చెయ్యాల్నో నాకు తెలుసు. గని చూడు" అని రెండు చేతులు చాపిండు. వణుకుతున్నయి. గ్లాసుల నీళ్లు గూడ నిలువయి గట్ల. "రెండేండ్లాయె పనిముట్లు ముట్టక. ఏమనుకోకు" అన్నడు.

నాకు ఆడనే ఏడ్పచ్చింది. ఆపుకోలే. దుబాయి ముచ్చట, మా తమ్ముని ముచ్చట, అంత చెప్పుకున్న, ఎన్నడు చూడని మనిషికి. ఆయన అంత విని, "మీ తల్లిగారిది ఏ ఊరు?" అన్నడు. సిరిసిల్ల అన్న. "పోగులు అతికినవా?" అన్నడు. అతికిన సారూ, పెండ్లి అయ్యేదాక గదే పని, సాంచ మీద పోగు తెగితె మా బాపు నన్నే పిలిచేది, చీకట్ల గూడ అతుకుత అన్న. గంతే, లేచి చాప పరిచిండు. "కూసో. నేను చెప్త, నువ్వు చెయ్యి" అన్నడు.

ఆగు, దానికంటె ముందు ఒకటున్నది. చెప్పాలె, దాచుకునేది గాదు. పగటీలి అన్నం యాళ్లైంది. మరియవ్వ అచ్చి మెల్లగ అన్నది, "బిడ్డా, మీరు మా ఇంట్ల తింటరో తినరో, బియ్యం ఇస్త, పొయ్యి చూపిస్త, వండుకో" అని. నాకు తల తీసేసినట్టైంది. ఎందుకంటె బిడ్డా, నిజంగనే మేము తినకపోయేది. మా అవ్వోళ్లు వాళ్ల వాడకే పోకపోయేది. గా ఆడిమనిషి నా కోసం అప్పటికే కోడిగుడ్డు పులుసు పెట్టి గూడ, గా మాట అడుగాల్సి అచ్చిందంటె తప్పెవరిది? "అవ్వా, నాకు ఆకలైతుంది, పెట్టు" అన్న. ఆమె పక్కపొంటి కూసొని తిన్న. రెండు దినాలు ఆ ఇంట్లనే తిన్న, ఆ ఇంట్లనే పన్న. గా పులుసు రుచి నాకింక యాదికున్నది.

ఇగ పని. కరెంటు లేదు గాబట్టి తలుపుకాడ వెలుతురుల కూసున్నం. గడియారాలోళ్ల స్క్రూడ్రైవరు, సన్న చిమ్టా, దూది, దవాఖాన స్పిరిటు. నేను విప్పిన ప్రతి స్క్రూను తెల్ల బట్ట మీద ఎడమ నుంచి కుడికి వరుసగ పెట్టిన. ఎవరు చెప్పిండ్రని అడిగిండు. మా బాపు సాంచ విప్పినప్పుడు గిట్లనే పెడ్తడు సారూ, మళ్ల కుడి నుంచి ఎడమకు బిగిచ్చుకుంట రావాలె అన్న. "మీ బాపు మంచి పనోడు" అన్నడు. లోపల కాయితం లెక్క పల్చగ ఒక పట్టీ ఉంటది, అది తెగితె కెమెరాకు లెన్సుకు మాటలుండయి. అది చూసి నేను చిమ్టా కింద పెట్టిన. "పోగే అనుకో" అన్నడు. పోగే అనుకున్న. తెగలే.

లోపలంత పసుపు గట్టిగ ఎండి పట్టుకున్నది. నేను నీళ్లు పెట్టబోయిన, చెయ్యి పట్టి ఆపిండు. "పసుపు నీళ్లకు పోదు, స్పిరిటుకు పోతది" అన్నడు. మీకెట్ల తెలుసు సారూ అన్న. అప్పుడు చెప్పిండు. వాళ్ల అవ్వ, బాపు పసుపు చేన్లల్ల కూలికి కైకిలి చేసినోళ్లట, జానెడు భూమి లేనోళ్లు. పసుపు తవ్వి, ఉడుకవెట్టి, వాళ్ల అవ్వ చేతులు ఏడాదంత పచ్చగనే ఉండేటియట. ఈయనకు మిషన్ దవాఖానల ఊడ్చే పని దొరికినంక, ఒకనాడు జర స్పిరిటు అడుక్కచ్చి దూదితోని అవ్వ చేతులు తుడిచిండట. పోయిందట. "మా అవ్వ తన చేతుల అసలు రంగు గప్పుడు చూసుకున్నది" అన్నడు. అదే దవాఖానల డాక్టరమ్మ మైక్రోస్కోపు తుడువమంటె తుడిచి తుడిచి, విప్పుడు బిగిచ్చుడు నేర్చుకున్నడట. ఎక్కడ సదువుకున్నడు? ఎక్కడ లేదు.

రెండో దినం పగటీలి ఒక స్ప్రింగు ఎగిరిపోయింది. ఎంతుంటదనుకున్నవు, చీమ తలకాయంత. ముగ్గురం మోకాళ్ల మీద నేలంత దేవులాడినం. ఆయన యేసయ్యా అంటున్నడు, నేను వేములవాడ రాజన్నా, కోడెను కడ్త అంటున్న. మరియవ్వ ఇద్దరిని తిట్టి, చీపురు తెచ్చి, సన్నగ ఊడ్చి ఆ దుమ్మంత స్టీలు పళ్లెంల పోసి ఆడిచ్చింది. టింగుమన్నది. దేవుండ్లల్ల ఎవరు దొరుకవట్టిండ్రో గని, చీపురైతె మరియవ్వది.

పొద్దు వాలకముందే బిగిచ్చినం. సారు రింగు మీద నా వేలు పెట్టిచ్చి "తిప్పు" అన్నడు. తిప్పిన. వెన్న మీద తిరిగినట్టు తిరిగింది. అద్దంల నుంచి చూస్తె మరియవ్వ మొఖం, ఒక్కొక్క ముడుత కనవడుతున్నది. నాకు కండ్లల్ల నీళ్లు ఆగుతలేవు, ఆయనకు ఆగుతలేవు. ఏమియ్యాలె సారూ అంటె, "నాకు చేతులు దొరికినయి. ఇంకేం గావాలె? అప్పుడప్పుడు రా, మిగిలింది గూడ చెప్త" అన్నడు.

మీ తాతకు ఇచ్చినప్పుడు... ఏం చెప్పాలె. రింగు తిప్పిండు. ముందుకు తిప్పిండు, వెనుకకు తిప్పిండు. "ఎంత మంచిగ చేసిండు ఆ పెద్దమనిషి" అన్నడు. నేనే చేసిన, ఆయన చెప్తుంటె అన్న. నమ్మలే. నా వేళ్లు పట్టుకొని చూసిండు, గోర్ల సందులల్ల ఇంక పసుపున్నది, చిమ్టా గుచ్చుకున్న గాట్లున్నయి. తెల్లారి ఏజెంటు ఫోను. నేను పొయ్యికాడ ఉన్న, చెవులు మాత్రం బయటున్నయి. "లేదు భాయ్, నేను రాను. నా కెమెరా బాగైంది" అన్నడు. అవతలికెళ్లి ఏమడిగిండో, "మా ఇంట్లనే మెకానిక్ ఉన్నది" అన్నడు. ఆనాడు పప్పుల రెండు తాపలు ఉప్పేసిన. ఇద్దరం గిన్నె ఊడ్చి తిన్నం.

తర్వాత దగ్గర దగ్గర మూడేండ్లు, బస్సులు తిరిగినంక, ప్రతి సోమవారం జగిత్యాల పోయిన. తెలంగాణ అచ్చింది చూసినంకనే సారు పోయిండు. ఆ లోపల నాకు మస్తు నేర్పిండు. సిరిసిల్ల ఫొటోగ్రాఫరు ఒకాయన లెన్సు విప్పితె లోపలంత సాంచల నూలు దుమ్ము, మా తల్లిగారి వాడ మొత్తం అండ్లనే ఉన్నది. దుబాయి నుంచి తెచ్చినయైతె ఇసుక రాలేది. కోనరావుపేటకెళ్లి ఒకాయన బియ్యం డబ్బల దాచిపెట్టిన కెమెరా తెచ్చిండు, సన్న తౌడు పోయింది లోపలికి. ఎవ్వల్ని నవ్వలే నేను. నేనెట్ల నవ్వుత? వారంటి ఉన్నన్ని దినాలు ఎవ్వలు నా మొఖం చూడరు, అయిపోయిన తెల్లారి "అమ్మా, ఉన్నవా" అని అస్తరు. ఉన్న బిడ్డా, రా, కూసో, చాయ్ తాగు అంట. పసుపు పట్టినయైతె ఏడాదికి ఒక్కటన్న అస్తది, దసరా అయినంక. ఆ ఇంటామెను తిట్టకుండ్రి అని ముందుగాల చెప్త.

మన వాడల చూడు. ఎదురింటామె, మూలింటామె, అందరి మొగోళ్లు ఆ దుబాయి, మస్కట్‌లనే. పండుగకు ఫోన్ల మొగన్ని చూసుకున్నరు పాపం, ఇరవై ఏండ్లు. నేను మాత్రం ఎదురుంగ చూసుకున్న. దినాం కొట్లాడిన, దినాం చాయ్ పోసిన, జరమస్తె తలకాయ మీద చెయ్యేసిన. గిదంత నాకు ఆ ముసలాయన ఇచ్చిండు, మరియవ్వ ఇచ్చింది. ఎన్ని తాపలు చెప్పుకున్నా తీరది.

నువ్వు గూడ ఏదన్న కరాబు చేస్తె భయపడకు బిడ్డా. విప్పి చూడు. తెలిసినోళ్ల కాళ్లకాడ కూసో, వాళ్లు ఏ వాడల ఉన్నా సరె. వాళ్లు పెట్టింది తిను. నీ చేతులు సల్లగుండ, నువ్వు నూరేండ్లు...

అగో, విన్నవా? లోపటికెళ్లి పిలుస్తున్నడు మీ తాత. కండ్లద్దాలు ఏడున్నయంటడు, నెత్తి మీదనే ఉంటయి. పోకు పోకు, కూసో. జరసేపు పిలువనియ్యి. ఆయన గట్ల పిలుస్తుంటె నాకు మంచిగుంటది.